కాదనే మనిషి

విజేందర్ బతికున్న రోజుల్లో ఆదివారం మధ్యాహ్నం ఆ ఇంట్లో గొడవ జరుగుతుందని వాడకట్టు మొత్తానికీ తెలుసు. భువనగిరి గుట్ట వెనక వీధిలో మేడ మీది రెండు గదుల కిరాయి ఇల్లు అది. అన్నాలు తిన్నాక భార్యాభర్తలిద్దరూ కిటికీలకు దుప్పట్లు కట్టి, టీవీకి హార్డ్ డిస్కు తగిలించి, ఏ జపాన్ సినిమానో, పోలండ్ సినిమానో పెట్టుకునేవాళ్లు. సినిమా నడిచినంతసేపూ చప్పుడుండేది కాదు. అయిపోయాక మొదలయ్యేది. కింది వాటాలో ఉండే పుల్లమ్మ కొత్తలో ఒకసారి మెట్లెక్కి వచ్చి, "ఏమైంది బిడ్డా, కొడ్తున్నడా?" అని శ్రీదేవిని పక్కకు పిలిచి అడిగింది. సినిమా గురించి మాట్లాడుకుంటున్నామని చెబితే నమ్మలేదు.

విజేందర్ డిగ్రీ కాలేజీలో ఇంగ్లీషు చెప్పేవాడు. విదేశీ సినిమాల మీద ఒక వెబ్ పత్రికలో వ్యాసాలు రాసేవాడు. శ్రీదేవి సర్కారు దవాఖానలో ఎక్స్‌రే తీస్తుంది. పెళ్లయ్యేదాకా ఆమె తెలుగు, హిందీ సినిమాలు తప్ప చూసి ఎరగదు. మొదట్లో తెర అడుగున వచ్చే ఇంగ్లీషు అక్షరాలు చదవడానికే ఆమెకు సరిపోయేది. ఆయన రిమోట్ పట్టుకుని ఆపి ఆపి వేసేవాడు. కొన్నాళ్లకు ఆపాల్సిన అవసరం పోయింది. ఇంకొన్నాళ్లకు ఆమె ఎదురు చెప్పడం మొదలుపెట్టింది.

"నువ్వు సినిమా చూస్తలేవు శ్రీదేవీ, కథ చూస్తున్నవ్."

"నువ్వు కెమెరాను చూస్తున్నవ్. మనుషులు కానొస్తలేరు నీకు."

ఎప్పుడైనా వచ్చి పక్క గదిలో ఉంటే ఆమె తల్లి నాగులమ్మ నెత్తి కొట్టుకునేది. "మొగన్ని నువ్వు అంటవేందే" అని.

అన్నిటికంటే ఎక్కువ కొట్లాడుకున్నది 'రేవు సత్రం' అనే పాత జపాన్ సినిమా మీద. నలుపు తెలుపు సినిమా. నది ఒడ్డున ఒక ముసలామె చిన్న సత్రం నడుపుతుంటుంది. పడవ దిగినవాళ్లు ఆమె దగ్గర చాయ్ తాగి పోతుంటారు. కొన్నాళ్లకు ఎగువన వంతెన కడతారు. పడవలు ఆగిపోతాయి, మనుషులు రారు. అయినా ఆమె రోజూ తెల్లవారి లేచి నీళ్లు కాచి, కప్పులు పేర్చి కూర్చుంటుంది. చివర్లో కెమెరా ఆమెను వదిలి నెమ్మదిగా వెనక్కి వెనక్కి పోతుంది. సత్రం, నది, కొండ, ఇంక ఆమె కనబడదు. ప్రపంచ సినిమాలోనే గొప్ప ముగింపుల్లో ఒకటని విజేందర్ రాశాడు. ఆ దృశ్యం వచ్చినప్పుడు ఊపిరి కూడా మెల్లగా పీల్చేవాడు.

శ్రీదేవికి ఆ సినిమా చూస్తే ఒళ్లు మండేది. "తాగేటోళ్లు లేని చాయ్ ఎందుకు పెడ్తది గామె? వంతెన కాడికి పోయి పెట్టుకోరాదా? బాధపడే ఆడదాన్ని దూరం నుంచి చూసుడంటే మీకు మస్తు ఇష్టం. దగ్గరికి పోయి ఏమైందని మాత్రం అడగరు."

"అది ఓపిక. మనిషి తన పనిని వదలకపోవుడు."

"అది డైరెక్టర్ ఓపిక. ఆమెది కాదు."

ఇది ఎన్నిసార్లు నడిచిందో లెక్కలేదు. ఎవరూ ఎప్పుడూ గెలవలేదు. సాయంత్రానికి ఆయన పోయి మిర్చీలు పట్టుకొచ్చేవాడు, ఆమె చాయ్ పెట్టేది. అవి తింటూ మళ్లీ మొదటి నుంచి ఎత్తుకునేవాళ్లు.

ఒకరోజు కాలేజీలో పాఠం చెబుతూ విజేందర్ కుర్చీలో కూర్చున్నాడు. పిల్లలు నీళ్లు తెచ్చేలోపు ప్రాణం పోయింది. ఏ జబ్బూ లేని మనిషి. కబురు తెలిసినప్పుడు శ్రీదేవి ఎక్స్‌రే గదిలో ఉంది. బల్ల మీద కాలు విరిగిన ఒకాయన పడుకుని ఉన్నాడు. ఆ ఫిల్ము తీసి, ఆయనను స్ట్రెచర్ మీదికి ఎక్కించాకే బయటికి వచ్చింది. ఆ పని ఎలా చేసిందో తర్వాత ఆమెకే గుర్తులేదు.

ఆ తర్వాత అందరూ ఆమెతో మెత్తగా మాట్లాడడం మొదలుపెట్టారు.

దవాఖానలో ఏ డ్యూటీ కావాలంటే ఆ డ్యూటీ వేశారు. మరుదులు ఫోన్ చేసి ఏం చెప్పినా "నీ ఇష్టం వదినా" అన్నారు. నాగులమ్మ వచ్చి కూతురి దగ్గరే ఉండిపోయింది. అంతకు ముందు కూర నుంచి చీర రంగు దాకా వంకలు పెట్టే ఆ తల్లి, ఇప్పుడు కూతురు ఏం వండినా కిమ్మనకుండా తినేసింది. శ్రీదేవి ఒకరోజు కావాలని పప్పులో ఉప్పు వేయలేదు. నాగులమ్మ తిని, చేయి కడుక్కుని, "మంచిగున్నది బిడ్డా" అంది. శ్రీదేవి లేచి వంటింట్లోకి పోయి కాసేపు నిలబడింది.

నల్లగొండలో విజేందర్ స్నేహితులకు ఒక ఫిల్మ్ క్లబ్ ఉంది. రిటైరైన హెడ్మాస్టరు ఎల్లస్వామి దాన్ని నడుపుతాడు. గ్రంథాలయం మేడ మీద, గోడకు తెల్లగుడ్డ కట్టి సినిమాలు వేస్తారు. సంస్మరణ సభ పెట్టి, ఆయనకిష్టమని 'రేవు సత్రం' వేశారు. సినిమా అయ్యాక నాలుగు మాటలు చెప్పమంటే శ్రీదేవి మైకు పట్టుకుంది.

"ఈ సినిమా ఆయనకు ఎంత ఇష్టమో మీకు తెలుసు. నాకు మాత్రం నచ్చదు. ఆఖరి షాట్ ఉత్త డాంబికం. ఆ డైరెక్టర్‌కు ఆడమనిషి బాధ ఫోటోలెక్క మంచిగ కానొచ్చింది, అంతే. ఆయనతోటి ఎప్పుడూ ఇదే అంటుండె."

ఇంతకు ముందైతే ఆ గదిలో పది గొంతులు ఒక్కసారి లేచేవి. ఎల్లస్వామికి ఆ సినిమా అంటే ప్రాణం. అలాంటిది అందరూ తలలు ఊపారు. ముందు వరుసలో ఒకాయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. ఎల్లస్వామి లేచి, "చెల్లె ఎంతో లోతైన మాట చెప్పింది" అన్నాడు. తను చెప్పినదాంట్లో లోతు లేదని, అది తిట్టు అని శ్రీదేవికి తెలుసు. ఆ రోజు బస్సులో కిటికీ పక్కన కూర్చుని వస్తూ, వాళ్లందరూ తనను దూరం నుంచి చూస్తున్నారని అనుకుంది.

వెబ్ పత్రిక సంపాదకుడు విజేందర్ శీర్షికను ఆమెను కొనసాగించమన్నాడు. ఆమె ఒప్పుకుంది. ఆదివారాలు ఒక్కతే సినిమా చూసి, తనకు తోచింది రాసి పంపేది. పేరు కింద ఉత్త 'శ్రీదేవి' అని వేయమంది. ఫోటో వద్దంది. పాత పాఠకులకు ఆమె ఎవరో తెలుసు కాబట్టి వ్యాసం కింద వాళ్ల స్పందన ఎప్పుడూ ఒకటే. బాగా రాశారు మేడం. మనసును తాకింది మేడం. చేతులు జోడించిన బొమ్మలు. ఫ్రాన్సులో పెద్ద బహుమతి కొట్టిన వంటవాడి సినిమాను ఆమె "ఆకలి తెలియని వాళ్లు తీసిన తిండి సినిమా" అని ఏకిపారేస్తే, దాన్ని నెత్తిన పెట్టుకున్నవాళ్లు కూడా చేతులు జోడించారు.

అలా ఉండగా 'గోడ' అనే కొత్త రుమేనియా సినిమా మీద రాసింది. ఇద్దరు అక్కచెల్లెళ్లు తండ్రి ఇంటిని పంచుకుని మధ్యలో గోడ పెట్టుకుంటారు. చివర్లో అక్క వచ్చి తలుపు కొడుతుంది. చెల్లెలు లోపలే ఉంటుంది, తీయదు. ఆ సమయంలో మనకు గోడ తప్ప చెల్లెలి ముఖం కనిపించదు. శ్రీదేవి ఇలా రాసింది: "ఆమె ఏడుస్తోందో, నవ్వుతోందో చూపించే ధైర్యం దర్శకుడికి లేదు. సినిమా మొత్తం ఆ ముఖం కోసమే కూర్చోబెట్టి, ఆ ముఖాన్నే దాచేశాడు. ఇది మోసం."

మర్నాడు దవాఖానలో అన్నం తింటూ ఫోను చూస్తే, చేతులు జోడించిన బొమ్మల మధ్య 'సున్నపురాయి' అనే పేరుతో ఒక వ్యాఖ్య ఉంది.

"మీరు చెప్పింది తప్పు. తలుపు కొట్టింది అక్క, మనం కాదు. అక్కకే కనిపించని ముఖం మనకెందుకు కనిపించాలి? గంటన్నర వాళ్లింట్లో కూర్చున్నంత మాత్రాన మనం చుట్టాలమైపోతామా? మీరు ఆ చెల్లెలి దుఃఖాన్ని చూడాలనుకున్నారు. చూపించలేదని కోపమొచ్చింది. ఆ కోపం మీ గురించి చెబుతుంది, సినిమా గురించి కాదు."

శ్రీదేవి అన్నం గిన్నె పక్కన పెట్టింది. మళ్లీ చదివింది. ఒళ్లు మండిపోయింది. ఆ మంటలో, చాలా కాలం మూసి ఉన్న గదికి కిటికీ తెరిచినట్టు ఒక చల్లదనం కూడా ఉంది. ఎక్స్‌రే గది బయట బల్ల మీద జనం ఉన్నారు. ఒక్కొక్కరినే పిలిచి, ఊపిరి బిగబట్టమని చెబుతూ, మనసులో జవాబు కూర్చుకుంది. సాయంత్రం ఇంటికి పోయి చెప్పులు విప్పకముందే టైపు చేసింది.

"చూపించకూడదనుకుంటే మొదటి నుంచీ చూపించకూడదు. అంతకు ముందు ఆ చెల్లెలు ఒంటరిగా ఏడ్చినవన్నీ చూపించాడు కదా. అప్పుడు మనం చుట్టాలమా?"

వెంటనే జవాబొచ్చింది. "అది మంచి ప్రశ్న. కానీ మీకు అనుకూలంగా లేదు." కింద పేరా నిండా వాదన.

ఆ రోజు నుంచి శ్రీదేవి ఏ సినిమా చూసినా సున్నపురాయి దీనికేమంటాడో అనుకుంటూ చూసింది. వాదించే తీరును బట్టి మగమనిషే అనుకుంది. సున్నపురాయి తవ్వే మేళ్లచెరువు వైపు సిమెంటు ఫ్యాక్టరీలో ఆఫీసరేమో, యాభై దాటి ఉంటుందేమో, విజేందర్‌లాగే కళ్లద్దాలు నుదుటి మీదికి తోసుకుంటాడేమో. చిలీ దేశపు సినిమా ఒకటి వచ్చింది, ఒకామె కొండల మీద మేకలు తోలుకుపోవడమే సినిమా అంతా. శ్రీదేవి అందులోని నిదానాన్ని మెచ్చుకుంటూ రాస్తే, "బోరు కొట్టిందని ఒప్పుకోవడానికి మీకెందుకు భయం?" అని వచ్చింది. "బోరు కొట్టడం తప్పా? మా దవాఖాన వరండాలో కూర్చున్న అందరికీ రోజంతా బోరే. వాళ్ల మీద ఎవరైనా సినిమా తీస్తే నేను చూస్తా" అని రాసింది. "మీరు చూస్తారు. వాళ్లు చూడరు" అని అటు నుంచి వచ్చింది. ఆమె వంటింట్లో గట్టిగా నవ్వింది. నాగులమ్మ సీరియల్ వదిలి వచ్చి, తలుపు దగ్గర నిలబడి కూతురి ముఖం చూసి, ఏమీ అడగకుండా పోయింది.

చలికాలంలో ఎల్లస్వామి నల్లగొండలో ఒకరోజు సినిమాల పండుగ పెట్టాడు. శ్రీదేవి వ్యాఖ్యల్లోనే రాసింది: "మీరు కూడా వస్తే 'గోడ' సంగతి ముఖాముఖి తేల్చుకుందాం." ఒక్క మాటే జవాబు. "వస్తాను."

గ్రంథాలయం మెట్ల దగ్గర శ్రీదేవి కళ్లద్దాల మనిషి కోసం చూస్తోంది. చున్నీ తల మీదికి కప్పుకున్న ఒక పిల్ల, పాతికేళ్లుంటాయేమో, దగ్గరికి వచ్చి నిలబడింది.

"శ్రీదేవి మేడం మీరేనా? నేనే సున్నపురాయి. నా పేరు మిస్బా."

శ్రీదేవి ముందు బిత్తరపోయి, తర్వాత నవ్వేసింది. "నిన్ను ఎంత తిట్టుకున్ననో తెలుసా? ముసలోడు అనుకున్న."

"నేను గూడ మిమ్ముల తిట్టుకున్న. సక్కగ ఒప్పుకుంటే పోతది గద అని."

మిస్బా మేళ్లచెరువులో ఒక ప్రైవేటు బడిలో సోషల్ చెబుతుంది. తండ్రి ఫ్యాక్టరీలో పని చేస్తాడు. తల్లి చిన్నప్పుడే పోతే నానమ్మ పెంచింది. తెల్లగుడ్డ ముందు ప్లాస్టిక్ కుర్చీల్లో పక్కపక్కన కూర్చుని ఇద్దరూ 'గోడ' గురించి ఎత్తుకున్నారు. మిస్బా మాట్లాడుతుంటే చేతులు ఆగవు. ముందు వరుస వాళ్లు తిరిగి తిరిగి చూశారు. శ్రీదేవికి గొంతు బొంగురుపోయేంత హుషారు వచ్చింది.

అప్పుడు ఎల్లస్వామి మైకు అందుకున్నాడు. "మన విజేందర్ సార్ లేని లోటు ఈ క్లబ్బుకు ఎప్పటికీ తీరదు. ఆయన సహచరి శ్రీదేవి గారు ఇంత దుఃఖంలో కూడా సార్ శీర్షికను నిలబెడుతున్నరు. ఒక్క నిమిషం సార్‌ను యాది చేసుకుందాం."

అందరూ లేచి నిలబడ్డారు. మిస్బా కూడా లేచింది. కూర్చున్నాక ఆమె శ్రీదేవి చేతి మీద చేయి వేసింది. "నాకు తెల్వదక్కా" అంది మెల్లగా. మేడం కాస్తా అక్క అయింది.

గ్రీసు సినిమా వేశారు. దీవిలో ఒక డాక్టరు కథ. రోగి చచ్చిపోయినప్పుడల్లా ఆయన కిటికీ దగ్గర నిలబడి సముద్రం చూస్తాడు. బయటికి వచ్చాక శ్రీదేవే మొదలుపెట్టింది. "గంత మంచి డాక్టర్ ఏడ ఉంటడు? మా దవాఖాన కిటికీల నుంచి చూస్తే జనరేటర్ కానొస్తది. సముద్రం ఉన్నదని ఆ డైరెక్టర్ బతికిపోయిండు. సముద్రం తీసేస్తే సినిమా లేదు."

తను చెప్పింది సగమే నిజమని ఆమెకు తెలుసు. ఆ డాక్టరు పాత్రలో విషయం ఉంది. ఆ మిగతా సగం పట్టుకుని మిస్బా తన మీద పడుతుందని ఎదురుచూసింది.

"అవునక్కా. మీరన్నది నిజమే."

"ఏం నిజం? మొత్తం నిజమేనా?"

"మీకు అనుభవం ఉన్నది గద. మాకు గంత లోతుగ తెల్వదు."

బస్టాండులో మిస్బా ఆమె సంచి తీసుకుని పట్టుకుంది. నీళ్ల సీసా కొనిచ్చింది. భువనగిరి బస్సులో కిటికీ పక్క సీటు చూసి కూర్చోబెట్టి, బస్సు కదిలేదాకా కింద నిలబడింది. ఎంతో మంచి పిల్ల. బస్సు సగం దారి వచ్చేవరకు శ్రీదేవికి ఎందుకు ఏడుపొస్తోందో అర్థం కాలేదు.

ఆ తర్వాత సున్నపురాయి వ్యాఖ్యలు ఆగలేదు. ఆగినా బాగుండేది. "చాలా బాగా చెప్పారు అక్కా." "మీ కోణం కొత్తగా ఉంది." ఒకసారి చేతులు జోడించిన బొమ్మ కూడా వచ్చింది. శ్రీదేవి ఆ బొమ్మను చాలాసేపు చూసింది.

అప్పుడామె ఒక పని చేసింది. 'రేవు సత్రం' మీద వ్యాసం రాసింది. తను జీవితమంతా తిట్టిన ఆ ముగింపును పొగిడింది. "ఆ ముసలామె ఓపికలో స్త్రీ సహనం మొత్తం ఉంది. ఆమె చాయ్ కాస్తున్నంత కాలం నది ప్రవహిస్తూనే ఉంటుంది" అని, రాస్తుంటేనే తనకు వెగటు పుట్టే మాటలు రాసింది. మిస్బాతో ఆ సినిమా గురించి అంతకు ముందు వ్యాఖ్యల్లో ఎన్నో వాదనలు నడిచాయి. శ్రీదేవి దాన్ని ఎంత ఏవగించుకుంటుందో ఆ పిల్లకు తెలుసు. ఈ మాటలు చూసి ఊరుకోదు.

సాయంత్రం జవాబు వచ్చింది. "కళ్లు చెమర్చాయి అక్కా."

ఆదివారం శ్రీదేవి సినిమా చూడలేదు. పొద్దున్నే బస్సెక్కింది. సూర్యాపేటలో ఒకటి, కోదాడలో ఒకటి మారి, ఎండెక్కాక మేళ్లచెరువులో దిగింది. చెట్ల ఆకుల మీద, రేకుల కప్పుల మీద తెల్లటి దుమ్ము పేరుకుని ఉంది. ఫ్యాక్టరీ హోరు ఎక్కడికి పోయినా వెంటే వస్తోంది. అడిగి అడిగి ఇల్లు పట్టుకుంది.

తలుపు తీసింది నానమ్మ అజ్మత్ బీ. ఎవరో ఏమిటో అడగకుండానే, "ఆవో బేటీ, ఎండల పడి వచ్చినవ్. కూసో" అని మంచం వాల్చింది. లోపలి నుంచి వచ్చిన మిస్బా శ్రీదేవిని చూసి కంగారుపడింది.

"ఏమైందక్కా? ఫోన్ చేస్తే నేనే వస్తుంటి గద."

"ఆ జపాన్ సినిమా మీద నేను రాసింది చదివినవా?"

"చదివిన."

"అది అబద్ధం. తెల్వలేదా నీకు?"

మిస్బా తల దించుకుంది. "తెలిసింది."

"తెలిసి కళ్లు చెమర్చినయా?"

"సార్‌కు ఇష్టమైన సినిమా గద అక్కా. దాని మీద మీతోటి కొట్లాడుతనని ఆయన పాత వ్యాసంల రాసిండ్రు. సార్ యాదికొచ్చి అట్ల రాసిండ్రు అనుకున్న. నేనేమన్న అంటే మీ మనసు..."

"నా మనసు సంగతి నాకు ఇడిసిపెట్టు." శ్రీదేవి గొంతు పెరిగింది. అజ్మత్ బీ ఇద్దరినీ చూసి, తెచ్చిన నీళ్ల చెంబు అక్కడ పెట్టి లోపలికి పోయింది. "ఆయన పోయిండని ఏడ్చేటోళ్లు నాకు చానమంది ఉన్నరు మిస్బా. కొట్లాడేటోళ్లు లేరు. నువ్వొక్కదానివి దొరికినవ్. నువ్వు గూడ అందరి లెక్కనే అయితే నేను ఎవరితోటి మాట్లాడాలె?"

మిస్బా వచ్చి మంచం అంచున కూర్చుంది.

"నేను నోరు తెరిస్తే ఆగనక్కా" అంది. "మా స్టాఫ్ రూంల నా పక్కన ఎవ్వరు కూసోరు. మా అబ్బా గూడ నాతోటి సినిమా చూడడు, మధ్యల వంకలు పెడ్తనని. గీ ఊర్ల ఫోన్ చూసుకుంట ఒక్కదాన్నే ఉంట. మీరు దొరికిండ్రు. మీరు నొచ్చుకుంటే మీరు గూడ పోతరని భయమైంది. గందుకే అవునవును అన్న."

"నేను పోను. చెప్పు."

"ఏం చెప్పాలె?"

"ఆ సినిమా గురించి. నీ కడుపుల ఉన్నది చెప్పు."

మిస్బా ఆమె ముఖంలోకి చూసింది. నిజంగానే అడుగుతోందా అని చూసినట్టుంది. తర్వాత ఆమె చేతులు కదిలాయి.

"సరే. ఆ ముసలామె మీద మీ కోపం తప్పు. మీరు అబద్ధం రాసిందే కాదు, అంతకు ముందు నిజంగ రాసింది గూడ తప్పే. ఎప్పుడు చూసినా ఒకటే మాట. వంతెన కాడికి ఎందుకు పోదు అని. ఆమె ఏం చేస్తున్నదో మీరు చూస్తనే లేరు. మీరు ఇప్పటికీ సార్‌తోటి గెలవాలని చూస్తున్నరు. సినిమా చూస్తలేరు. నాతోటి కొట్లాడినప్పుడు గూడ నాతోటి కొట్లాడలే మీరు."

అడిగి తెచ్చుకున్న మాటే. అయినా అది ఎక్కడ తగలాలో అక్కడ తగిలింది. శ్రీదేవి చెంబు అందుకుని నీళ్లు తాగింది. మిస్బా కళ్లలో భయం కనిపించింది. అయితే ఈసారి ఆ పిల్ల తన మాటను వెనక్కి తీసుకోలేదు.

అజ్మత్ బీ అన్నం, పుల్లటి ఖట్టా దాల్ తెచ్చి పెట్టింది. ముగ్గురూ తిన్నారు. ఎండ వేడి గురించి, బడి గురించి నాలుగు మాటలు నడిచాయి. మిస్బా బస్టాండు దాకా వచ్చింది. ఈసారి సంచి పట్టుకోలేదు. బస్సు ఎక్కబోతూ శ్రీదేవి, "నువ్వన్నది మంచిగనిపియ్యలే నాకు" అంది.

"తెలుసక్కా."

"ఆ సినిమా మల్ల చూస్త."

తర్వాతి ఆదివారం నాగులమ్మ పొరుగింటికి పోయినప్పుడు శ్రీదేవి ఆ సినిమా మళ్లీ పెట్టింది. ఈసారి చివరిదాకా కూర్చోవాలనుకుంది. అప్పుడు తెలిసింది, ఆ చివరి దృశ్యాన్ని తను ఒక్కసారి కూడా పూర్తిగా చూడలేదని. కెమెరా వెనక్కి పోవడం మొదలుపెట్టగానే ఆయన ఊపిరి బిగబట్టేవాడు. ఆమె ఆయన ముఖం చూసి విసుక్కునేది. తెర మీద ఏం జరుగుతున్నా ఇంక ఆమెకు పట్టేది కాదు. ఈసారి పక్కన ముఖం లేదు. తెర వైపే చూసింది. ముసలామె, సత్రం, నది. ఏ అద్భుతమూ జరగలేదు. ఆ ముగింపు ఇప్పటికీ ఆమెకు నచ్చలేదు. తిట్టాలనిపించింది. పక్కకు తిరిగింది.

కాలేజీ నుంచి శవం తెచ్చిన రోజు ఏడ్చింది. నల్లగొండ నుంచి వస్తూ బస్సులో ఏడ్చింది. ఆ రెండుసార్లూ చుట్టూ మనుషులున్నారు. ఈసారి ఒక్కతే ఏడ్చింది. ఏ అడ్డూ లేకుండా, ముక్కు తుడుచుకోకుండా, టీవీ దానంతటదే ఆగిపోయేదాకా.

ముఖం కడుక్కుని మిస్బాకు రాసింది. "మళ్లీ చూసిన. నా అభిప్రాయం మారలే, అది డాంబికమే. కానీ నేను ఇన్నాళ్లు సినిమా చూడలే, ఆయనను చూసిన. ఆ మాట వరకు నీదే నిజం. మిగతాది తప్పు."

జవాబు పొడుగ్గా వచ్చింది. తప్పెందుకు కాదో మిస్బా ఒక్కొక్కటే రాసుకొచ్చింది. అందులో మెత్తని మాట ఒక్కటి లేదు. శ్రీదేవి దాన్ని కూరగాయలు తరుగుతూ ఒకసారి, తిన్నాక ఒకసారి చదివింది. ఆ అబద్ధపు వ్యాసాన్ని పత్రికలోంచి తీసేయమని సంపాదకుడికి చెప్పింది. "అది చాలామందికి నచ్చింది మేడం" అన్నాడాయన. "అందుకే తీసెయ్యుండ్రి" అంది.

ఆ వాదనలు ఏడాదికి పైగా నడిచాయి. తర్వాత మిస్బాకు జడ్చర్ల అవతల గురుకులంలో ఉద్యోగం వచ్చింది. హాస్టలు డ్యూటీ, పిల్లలు, పరీక్ష పేపర్లు. సినిమా చూడటానికి తీరిక ఎప్పుడో గాని దొరకడం లేదు. నెలల తరబడి సున్నపురాయి పేరు కనిపించదు. వ్యాసం కింద చేతులు జోడించిన బొమ్మలే ఉంటాయి. శ్రీదేవి రాస్తూనే ఉంది. కొన్ని ఆదివారాలు ఎలా గడిచాయో తెలియదు, కొన్ని గడవవు.

మొన్న ఒక ఆదివారం మిస్బా ఫోన్ చేసింది. పెరూ సినిమా ఒకటి, దొంగసొత్తు మోసే లారీ డ్రైవరు కథ, ఇద్దరూ ఎవరి ఊళ్లో వాళ్లు అదే వారం చూశారు. ఆ డ్రైవరు చివర్లో పోలీసులకు లొంగిపోవడం పిరికితనమని శ్రీదేవి అంది. కాదని మిస్బా అందుకుంది. ఇద్దరి గొంతులూ పెరిగాయి. శ్రీదేవి గదిలో అటూ ఇటూ తిరుగుతూ, చేయి ఊపుతూ మాట్లాడింది. అంతలో అటు నుంచి గంట మోగింది.

"పిల్లలు అన్నానికి పోతున్నరక్కా, నేను పోవాలె. మల్ల మాట్లాడుత. కానీ మీరన్నది తప్పే."

"ఆగు, నేను చెప్పేది..."

ఫోన్ కట్ అయింది. బ్రహ్మాండమైన జవాబు ఒకటి శ్రీదేవి నోట్లోనే ఉండిపోయింది. మళ్లీ ఎప్పుడు చేస్తుందో తెలియదు. ఫోన్ పక్కన పెట్టి బయటికి వచ్చింది. మెట్ల మీద నీడలో నాగులమ్మ చిక్కుడుకాయలు ఈనెలు తీస్తోంది.

శ్రీదేవి పక్కన కూర్చుని గుప్పెడు కాయలు ఒళ్లో వేసుకుంది. "అమ్మా, ఒక లారీ డ్రైవర్ ఉంటడు" అని మొదలుపెట్టింది. మొదటి నుంచి చివరిదాకా, కొండదారి, వాన, చెక్‌పోస్టు, అన్నీ చెప్పింది. నాగులమ్మ ఈనెలు తీస్తూ విన్నది. మధ్యలో ఒకసారి, "పెండ్లాం పిల్లలున్నరా?" అని అడిగింది. అయిపోయాక తీసిన ఈనెలు పక్కకు నెట్టింది.

"ఇంతకు వాడు మంచోడేనానే?"

"అదే తెగుతలేదమ్మా" అంది శ్రీదేవి.